లిస్టు రోజూ మారుతోంది, కంప్యూటర్ మాత్రం రావడం లేదు

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు బయట పెట్టవద్దన్నారు. చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి కొంత డబ్బు దాచుకున్నారు. పార్టులు విడివిడిగా కొని, గేమింగ్ కంప్యూటర్‌ను తన చేతులతో ఇంట్లోనే బిగించుకోవాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. నాన్నగారు మొదట వద్దన్నారు. తర్వాత మనసు మార్చుకుని, "నువ్వు దాచినంత నేనూ కలుపుతాను, కానీ నాలుగేళ్ల దాకా దీనికోసం మళ్లీ డబ్బు అడగకూడదు" అన్నారట. టెన్షన్ అక్కడే మొదలైంది. ఒక్కసారే కొనాలి, తప్పు జరగకూడదు అన్న భయంతో నెలల తరబడి లిస్టు రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం.

కాలేజీ స్నేహితుడు "కనీసం ఎనిమిది కోర్ల ప్రాసెసర్ ఉండాలి, లేకపోతే రెండేళ్లకే పాతబడుతుంది" అంటున్నాడు. (కోర్లంటే ప్రాసెసర్‌లో ఒకేసారి పని చేసే భాగాలు.) పెదనాన్నగారి అబ్బాయి ఆటల బొమ్మలు గీసే తన పాత గ్రాఫిక్స్ కార్డు, జీటీఎక్స్ 1660 సూపర్, తీసుకోమంటున్నాడు. ఊరికే కాదు, కొత్త చిన్న కార్డు ధరలో సగం పైగా అడుగుతున్నాడు. దాన్ని కొంతకాలం క్రిప్టో మైనింగ్‌కు, అంటే డిజిటల్ కరెన్సీ సంపాదించే లెక్కలు చేయించడానికి, వాడాడని ఈయనకు తెలుసు. వద్దంటే అన్నయ్య నొచ్చుకుంటాడేమోనని బెంగ. చూసే ప్రతి వీడియో ఒక్కో మాట చెబుతోంది. చివరికి నిలిచిన లిస్టు ఇది: ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్, ఖరీదైన బీ550 మదర్‌బోర్డు, 32 జీబీ రంగు లైట్ల ఆర్‌జీబీ ర్యామ్, లిక్విడ్ కూలర్, గాజు తలుపుల క్యాబినెట్, దానితో పాటు వచ్చే "500 వాట్ల" ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా), మిగిలిన డబ్బుతో 4 జీబీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ ఇంట్లో ఉన్న పాతదే. "నాన్న డబ్బు ఆటల మీద పోస్తున్నానా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. లిస్టు సరిగ్గా ఉందా? మొదటిసారి బిగిస్తున్నాను, ఏదైనా కాలిపోతే?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పార్టుల గురించి ఇంత వివరంగా రాసిన మీరు, ఆడబోయే ఆటల గురించి ఒక్క వాక్యం రాశారు: రోజూ రాత్రి స్నేహితులతో వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆట, సెలవుల్లో సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద కథల ఆటలు. మానిటర్ గురించి ఇంకా తక్కువ: "1080పీ, 60 హెర్ట్జ్, పాతది." నా సమాధానం ఈ రెండు వాక్యాల నుంచే మొదలవుతుంది. లిస్టు మీకు తేలకపోవడానికి మీ తెలివి తక్కువ కావడం కారణం కాదు. ప్రాసెసర్ దగ్గర మొదలుపెట్టి, మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు దాకా వచ్చారు. తెర దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. అంటే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ మానిటర్‌లో ఆ వ్యవధి 7 మిల్లీసెకన్ల లోపే. వాలరెంట్ తేలికైన ఆట. ఆరు కోర్ల మామూలు ప్రాసెసర్, ఒక మధ్యస్థ కార్డు ఉంటే 144 బొమ్మలు దాటడం కష్టం కాదు. కానీ మీ దగ్గర ఉన్న మానిటర్ వాటిలో సగం కూడా చూపించలేదు. చెరువు ఎంత పెద్దదైనా పొలానికి నీళ్లు తూము పట్టినంతే వస్తాయి. రోజూ ఆడేది వాలరెంట్ అయినప్పుడు, ఎనిమిదో కోరు కన్నా, లిక్విడ్ కూలర్ కన్నా, మంచి మానిటరే మీ ఆటలో తేడా చూపిస్తుంది. అది మీ లిస్టులోనే లేదు.

వెంటనే మానిటర్ కొనండి అని నేను అనడం లేదు. కథల ఆటలే మీకు ముఖ్యమైతే 60 హెర్ట్జ్ తెర మీద కూడా అవి బాగానే ఉంటాయి. అప్పుడు ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పోవాలి. ఈ రెండింటిలో ఏది ముందో మీరే తేల్చుకోవాలి. నిజాయితీగా ఒక వారం గమనించండి, మీరు ఏ ఆట ఆడుతున్నారో, ఏ ఆట వీడియోలు మాత్రమే చూస్తున్నారో. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. మానిటర్ మారిస్తే 1080పీ దాటి 1440పీకి వెళ్లాలని ఆశ పుడుతుంది. ఈ అంకెలు తెర మీద చుక్కల వరుసలెన్నో చెబుతాయి. 1440పీలో మొత్తం చుక్కలు దాదాపు 78 శాతం ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఆ లెక్కన పెరుగుతుంది. మీ బడ్జెట్‌కు 1080పీ సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ స్నేహితుడి మాట. ఎనిమిది కోర్లు ఉండటం తప్పేమీ కాదు. వీడియో రెండరింగ్ లాంటి పనిలో అవి నిజంగానే పనికొస్తాయి. కానీ ఆటల్లో ఆరు కోర్ల రైజెన్ 5 5600కీ, 5700ఎక్స్‌కీ మధ్య తేడా చాలా కొద్దిది. మీ వీడియో ఎడిటింగ్ కాలేజీ ప్రాజెక్టుల వరకే అన్నారు, దానికి ఆరు కోర్లు సరిపోతాయి. పైగా 5600తో పాటు పెట్టెలోనే కూలర్ వస్తుంది, 5700ఎక్స్‌తో రాదు. 65 వాట్ల ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ అవసరం లేదు. మీ లిస్టులో ఈ ఒక్క నిర్ణయం ఇంకో మూడు ఖర్చులను వెంటబెట్టుకు వచ్చింది: కూలర్, దానికి సరిపడే పెద్ద క్యాబినెట్, ఖరీదైన బోర్డు. వాటన్నిటికీ పోగా మిగిలిందే గ్రాఫిక్స్ కార్డుకు దక్కింది.

ఆ కార్డు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 2022లో వచ్చింది. 4 జీబీ మెమరీ ఇప్పటి పెద్ద ఆటలకు చాలదు. టెక్స్‌చర్లు, అంటే ఆటలోని వస్తువుల మీద పరిచే బొమ్మలు, మెమరీలో పట్టకపోతే ఆట ఒక్కసారిగా ఆగి ఆగి నడుస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మలు) అంకె బాగానే కనిపిస్తుంది, చేతికి మాత్రం ఇబ్బంది తెలుస్తుంది. ఇంకో విషయం, మీలాంటివారికి ఇది ముఖ్యం: ఆ కార్డులో వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం, వీడియో ఎన్‌కోడర్, లేదు. అంటే ఆడుతూ రికార్డు చేసినా, వీడియో ఎగుమతి చేసినా ఆ పని ప్రాసెసర్ మీదే పడుతుంది. వీడియో ఎడిటింగ్ కోసమని పెద్ద ప్రాసెసర్ తీసుకున్న లిస్టులో వీడియో పనికి చేయి అందించని కార్డు ఉండటం చూసి బాధేసింది. ఇది మీ తప్పు కాదు, పెట్టె మీద రాయని విషయం.

నా లెక్క ఇలా ఉంటుంది. ప్రతి పార్టు దగ్గరా "ఇది తర్వాత మార్చుకోవడం తేలికా, కష్టమా?" అని అడగండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఆటలు, ఫైళ్లు దాచే చోటు) తర్వాత చేర్చుకోవచ్చు, ఉన్నది పారేయక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు తీసి అమ్మి ఇంకోటి పెట్టుకోవచ్చు. క్యాబినెట్ ఫ్యాన్లు ఎప్పుడైనా బిగించవచ్చు. కానీ మదర్‌బోర్డు మార్చాలంటే మొత్తం విప్పాలి, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మారితే ప్రాసెసర్, కొన్నిసార్లు ర్యామ్ కూడా మారిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే తనతో పాటు మిగతావాటినీ తీసుకుపోవచ్చు. నాన్నగారి నాలుగేళ్ల షరతు మీ నెత్తిన బరువుగా అనిపిస్తోంది కదా, ఈ ప్రశ్న అడిగితే ఆ బరువు సగం తగ్గుతుంది. అన్నీ ఇవాళే గొప్పవి కానక్కర్లేదు. మార్చడం కష్టమైనవి గట్టివి అయితే చాలు.

ఈ ప్రశ్నతో చూస్తే మీ ముందు మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది మీ లిస్టుకు దగ్గరగా ఉన్నదే: ఏఎం4 సాకెట్. రైజెన్ 5 5600, మామూలు బీ550 బోర్డు, రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్‌లు, మిగిలినదంతా 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటివి ఈ కోవలోకి వస్తాయి. మొత్తం బడ్జెట్‌లో మూడో వంతుకు పైగా కార్డుకు పోయినా కంగారు పడకండి, గేమింగ్ కంప్యూటర్‌లో అదే న్యాయం. ఈ దారిలో ఇవాళ మీ డబ్బుకు ఎక్కువ ఆట దక్కుతుంది. దీని లోటు ఏమిటంటే, 2017లో ఈ సాకెట్ మీద మొదటి రైజెన్‌లు వచ్చాయి, దాని ప్రయాణం ఇక ముగింపుకు వచ్చింది. ఆటలకు దానిలో బలమైనవి అనదగ్గ 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీ ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చాలనుకుంటే బోర్డు, ర్యామ్ కూడా మార్చాల్సి రావచ్చు. అయితే ఒకటి గమనించండి, మీ షరతు కూడా నాలుగేళ్లే.

రెండోది కొత్త సాకెట్, ఏఎం5. 2022లో వచ్చింది, కనీసం 2027 దాకా కొత్త ప్రాసెసర్లు వస్తాయని రైజెన్‌లు చేసే ఏఎండీ మాట ఇచ్చింది. ఇందులో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. రైజెన్ 5 7600 తీసుకుంటే కొన్నేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా పై ప్రాసెసర్ వేసుకోవచ్చు. కానీ ఈ దారిలో బోర్డుకూ ర్యామ్‌కూ ఎక్కువ పోతుంది, కాబట్టి కార్డు ఒక మెట్టు దిగుతుంది. ర్యామ్ ధరలు 2025 చివరి నెలల నుంచి బాగా పెరిగాయి. మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకు మళ్లడం దానికి పెద్ద కారణం. అందుకే ఈ లెక్క మీరు కొనే రోజు ధరలతోనే వేయాలి, పాత వీడియోలో చూసిన ధరలతో కాదు.

ఈ దారిలోనే ఒక పిల్లదారి ఉంది. రైజెన్ 5 8600జీ లాంటి ప్రాసెసర్‌లో లోపలే ఓ మోస్తరు గ్రాఫిక్స్ ఉంటుంది. కార్డు లేకుండానే 1080పీలో వాలరెంట్ హాయిగా ఆడుకోవచ్చు. ఆరు నెలలో, ఏడాదో ఆగి, ట్యూషన్ డబ్బుతో కార్డు కొనుక్కోవచ్చు. నాన్నగారిని అడగక్కర్లేదు. రాత్రిపూట స్నేహితులతో ఆడే ఆటే ముఖ్యం అనుకుంటే ఇది మంచి ఆలోచన. దీని వల్ల రెండు ఇబ్బందులున్నాయి. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) 16 ఎంబీ, 7600లో 32 ఎంబీ, కాబట్టి తర్వాత పెద్ద కార్డు పెట్టినా ఆటల్లో 7600 అంత రాదు. రెండోది, లోపలి గ్రాఫిక్స్ మీ ర్యామ్‌నే వాడుకుంటుంది, అందువల్ల ర్యామ్ తప్పనిసరిగా జత స్టిక్‌లుగా ఉండాలి. 7600లోనూ గ్రాఫిక్స్ ఉంది కానీ అది తెర మీద బొమ్మ రావడానికే, ఆటలకు కాదు. ఈ తేడా తెలియక చాలామంది పొరపడతారు.

మూడో దారి మీ అన్నయ్య కార్డు. దీని గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు, సెకండ్ హ్యాండ్ కొంటే తక్కువ అన్నట్టు. అలా అనుకోవద్దు. 1660 సూపర్ 2019లో వచ్చిన కార్డు, 6 జీబీ మెమరీ, 125 వాట్లు. వాలరెంట్‌కు చాలినంత. మీ లిస్టులోని 6500 ఎక్స్‌టీ కన్నా మీకు ఇదే మేలు: మెమరీ ఎక్కువ, మంచి వీడియో ఎన్‌కోడర్ ఉంది. సైబర్‌పంక్ కూడా సెట్టింగులు తగ్గించి ఆడవచ్చు. అయితే రే ట్రేసింగ్ (ఆటలో వెలుతురు దారిని లెక్కగట్టడం) హార్డ్‌వేర్ దానిలో లేదు. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి 2025 ఆటలు ఆ హార్డ్‌వేర్ లేకపోతే ఆడవు. ఇలాంటివి పెరుగుతూ పోతాయి. తక్కువ చుక్కలతో గీసి తెరకు సరిపడా పెంచే పద్ధతుల్లో డీఎల్‌ఎస్‌ఎస్ రాదు, ఎఫ్‌ఎస్‌ఆర్ మాత్రం పనిచేస్తుంది. కాబట్టి ఇది నాలుగేళ్ల కార్డు కాదు. ఒకటి రెండేళ్లు గడిపించే కార్డు. ఆ లెక్కనే ధర ఇవ్వాలి.

మైనింగ్ భయం గురించి. మైనింగ్ చేసిన కార్డు అనగానే చచ్చినట్టే అనుకోనక్కర్లేదు. ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ దాదాపు ఆగిపోయింది. కాబట్టి అన్నయ్య కార్డు ఎప్పుడు, ఎంతకాలం నడిచిందో ఆయన్ని అడిగితే తేలిపోతుంది. అలాంటి కార్డుల్లో ముందుగా అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్టు, ప్యాడ్లు. చిప్ చాలాసార్లు బాగానే ఉంటుంది. ఆయన కంప్యూటర్‌లోనే, ఆయన ఎదుటే, బరువైన ఆటో స్ట్రెస్ టెస్టో అరగంట నడపండి. తెర మీద చుక్కలు, గీతలు, రంగుల మరకలు రాకూడదు. వేడి 80 డిగ్రీల దరిదాపుల్లో ఆగాలి, అంతకంతకూ ఎక్కుతూ పోకూడదు. ఫ్యాన్ గరగరమనకూడదు. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో కార్డు పేరు, మెమరీ సరిపోయాయో చూడండి.

అన్నయ్యతో ఎలా మాట్లాడాలి అన్నది మీకు పార్టులకన్నా కష్టంగా ఉందని తెలుస్తోంది. కొనాలనుకుంటే ఇలా అనవచ్చు: "అన్నయ్యా, కార్డు తీసుకుంటాను, ఓ రెండు వారాలు నా సిస్టమ్‌లో నడిపి చూశాక డబ్బు ఇస్తాను. వారంటీ లేదు కదా, కొంచెం తగ్గించు." సొంతవాళ్ల మధ్య ఇది మర్యాద తప్పిన మాట కాదు. రేపు కార్డు పోతే మనసులో పెట్టుకోవడం కన్నా ముందే చెప్పుకోవడం మంచిది. వద్దనుకుంటే కారణం కార్డు మీద నెట్టకుండా మీ షరతు మీద పెట్టండి: "నాన్నకు నాలుగేళ్లు అడగనని మాటిచ్చాను, వారంటీ ఉన్నదే కావాలి." అది నిజం కూడా. ఏం చెప్పాలో తేల్చుకోకుండా "చూద్దాం అన్నయ్యా" అంటూ నెలలు గడపడమే ఆయన్ని ఎక్కువ నొప్పిస్తుంది, ఆయన కార్డు ధర కూడా ఈలోగా పడిపోతూ ఉంటుంది.

ఈ మూడింటిలో నేనైతే మొదటి దారి వైపు మొగ్గుతాను, మీరు రాసిన ఆటలకు, బడ్జెట్‌కు, షరతుకు అది దగ్గరగా ఉంది. మానిటరే ముందనుకుంటే, మొదటి దారిలోని ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఉంచి, అన్నయ్య కార్డుతో మొదలుపెట్టి, కొత్త కార్డు డబ్బుతో 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చుకోవడం కూడా చక్కటి కలయిక. రెండేళ్ల తర్వాత కార్డు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ఏఎం5 దారి మీకు మనసు లాగుతుంటే, కార్డులో ఎంత దిగాల్సి వస్తుందో రాసుకుని చూసి, దానికి ఒప్పుకోగలిగితేనే వెళ్లండి.

ఏ దారైనా మారనిది ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే "500 వాట్ల" డబ్బా మీద ఎంత రాసి ఉన్నా, దాన్ని నమ్మి ఇంత విలువైన పార్టులు కట్టవద్దు. అలాంటి చాలావాటిలో ప్రాసెసర్‌కూ కార్డుకూ కరెంటు ఇచ్చే 12 వోల్టుల లైను మీద నిజంగా ఇవ్వగలిగింది పైన రాసిన అంకెకు చాలా తక్కువ. ఓవర్ లోడ్ అయినప్పుడు, షార్ట్ అయినప్పుడు ఆగిపోయే రక్షణ ఉందో లేదో తెలియదు. లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని యాంపియర్లు రాశారో చూడండి, 12తో గుణిస్తే అసలు వాట్లు వస్తాయి. 5600కి ఆర్‌ఎక్స్ 6600 లాంటి 132 వాట్ల కార్డు కలిపినా మొత్తం సిస్టమ్ 300 వాట్లు దాటదు. అందువల్ల 750 వాట్ల పేరు లేనిదానికన్నా, ఐదేళ్ల వారంటీ ఇచ్చే 550 వాట్ల మంచిది ఎన్నోరెట్లు మేలు. తర్వాత కాస్త పెద్ద కార్డు పెట్టినా అది తట్టుకుంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా మారుతుందో చెబుతుంది, రక్షణ గురించి చెప్పదు. కాబట్టి ముద్ర చూసి ఆగిపోకుండా, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించిన సమీక్ష చదవండి. లిక్విడ్ కూలర్ తీసేస్తే మిగిలే డబ్బుతోనే ఇది వచ్చేస్తుంది.

ర్యామ్ 16 జీబీ ఇప్పటికి చాలు, కానీ ఒకే 16 జీబీ స్టిక్ వద్దు, రెండు 8లు తీసుకోండి. జతగా ఉంటే మెమరీ రెండు దారుల్లో నడుస్తుంది, ఆటల్లో ఆ తేడా కనిపిస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుంటే తర్వాత ఇంకో జత చేర్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, సైబర్‌పంక్ 2023 అప్‌డేట్ నుంచి ఎస్‌ఎస్‌డీనే అడుగుతోంది. సెకనుకు 7000 ఎంబీ అని రాసిన ఖరీదైనదానికీ, 3500 ఎంబీ మామూలు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకీ ఆట తెరుచుకోవడంలో తేడా పెద్దగా తెలియదు. వేగం కన్నా చోటు కొనండి. క్యాబినెట్ ముందు గాజు కాకుండా జాలీ ఉన్నది చూడండి, గాలి ఆడితే రెండు ఫ్యాన్లు సరిపోతాయి. లైట్లు మీకు ఇష్టమైతే అదీ తప్పు కాదు, చివరలో మిగిలిన డబ్బుతో పెట్టుకోండి. బోర్డు కొనేముందు వైఫై ఉందో లేదో చూడండి. చాలా చవక బోర్డుల్లో ఉండదు, ఇంటికి తెచ్చాక తెలుస్తుంది.

నాన్నగారి డబ్బు ఆటల మీద పోస్తున్నానా అన్న మీ బాధకు సమాధానం పార్టుల్లో దొరకదు. ఆయన మీ పొదుపు చూసి, మీరు కష్టపడింది చూసి, తన వంతు కలిపారు. ఆ నిర్ణయం ఆయనది. మీరు చేయగలిగింది ఆయనకు నిజం చెప్పడం. నాలుగేళ్లూ అన్ని కొత్త ఆటలూ గొప్పగా ఆడే కంప్యూటర్ ఈ బడ్జెట్‌లో ఎవరూ కట్టలేరు, మీరూ ఆ మాట ఇవ్వవద్దు. "చదువుకూ పనికీ నాలుగేళ్లు ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ఆటల కోసం కార్డు మార్చాలనిపిస్తే పాతది అమ్మి, నా సంపాదనతో మార్చుకుంటాను" అనండి. వీలైతే లిస్టు ఆయన ముందు పెట్టి, ఏది ఎందుకో చెప్పండి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఎందుకు రాజీ పడలేదో చెబితే, మీరు ఆలోచించి ఖర్చు పెడుతున్నారని ఆయనకు ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు.

ఇక బిగించడం. ఏదైనా కాలిపోతుందన్న భయం అందరికీ ఉంటుంది, కానీ ఇప్పటి కనెక్టర్లు తప్పు చోట పట్టకుండానే చేశారు. బలవంతంగా నొక్కాల్సి వస్తే ఆగి, చూడండి. ర్యామ్, 24 పిన్నుల ప్లగ్గు మాత్రం కాస్త గట్టిగానే నొక్కాలి. అసలు జాగ్రత్త కావాల్సింది ప్రాసెసర్ దగ్గర. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, మూల గుర్తు చూసి, నొక్కకుండా దించాలి. తర్వాత ఎప్పుడైనా కూలర్ తీయాల్సి వస్తే కాసేపు సిస్టమ్ నడిపి పేస్టు వేడెక్కనివ్వండి. ఆపి, ప్లగ్ తీశాక, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. లేకపోతే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. ఏఎం5లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి, సాకెట్‌లో వేలు పెట్టవద్దు. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల తీగ, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేది వేర్వేరు, ప్లగ్గు మీద రాసి ఉంటుంది. క్యాబినెట్‌లోకి ఎక్కించకముందే, బోర్డు దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి. తేడా ఉంటే అక్కడే తెలుస్తుంది, అంతా విప్పే పని ఉండదు.

ఆన్ చేశాక తెర నల్లగా ఉంటే గుండె జారిపోతుంది. ముందు మానిటర్ తీగ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా చూడండి. రెండు ర్యామ్ స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయా చూడండి. ఏఎం5 అయితే మొదటిసారి మెమరీని సర్దుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారులో మధ్యలో ఆపేయవద్దు. బొమ్మ వచ్చాక బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేయండి, అది చేయకపోతే మీరు కొన్న వేగంతో ర్యామ్ నడవదు. విండోస్ 11లో వాలరెంట్‌కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే ఆట తెరుచుకోదు. కొత్త మానిటర్ తెచ్చినా విండోస్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు మార్చకపోతే అది 60 దగ్గరే ఉండిపోవచ్చు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకుండా పాటించండి. పార్టులు నెలకొకటి చొప్పున కొనకండి. అట్టపెట్టెలో ఉన్న బోర్డు పాడైందో లేదో ప్రాసెసర్ వచ్చేదాకా తెలియదు, అప్పటికి మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. డబ్బు మొత్తం చేతికి వచ్చాక, ఒకటి రెండు వారాల్లో అన్నీ కొని, ఆ వారాంతంలోనే బిగించి, గడువు లోపల ప్రతి భాగాన్నీ బరువుగా నడిపి చూడండి. పెట్టెలు, బిల్లులు దాచండి. అన్నయ్య కార్డు తీసుకునేటట్లయితే అదీ ఆ వారాల్లోనే తెచ్చుకోండి, కొత్త పార్టులతో పాటే దాని పరీక్షా అయిపోతుంది. కొన్న తర్వాత ధరలు చూడటం మానేయండి, ఏదో ఒకటి ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుంది. బిగించేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే, ఏ దశలో, ఏ లైటు వెలుగుతూ ఆగిందో రాసి మళ్లీ ఉత్తరం పంపండి. చాలా బోర్డుల మీద ఆ చిన్న లైట్ల పక్కన సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని రాసి ఉంటుంది, తేడా ఎక్కడుందో అవే చాలావరకు చెప్పేస్తాయి.